నవల బాగుంది, ఫీజు కట్టండి అన్న ఏజెంట్

ప్రశ్న: నమస్తే అండీ. మూడేళ్ళు కూర్చుని ఇంగ్లీషులో ఒక అర్బన్ ఫాంటసీ (ఈ కాలపు నగరంలో మాయ కలిసిన కథ) నవల రాశాను. 1,62,000 పదాలు వచ్చింది. ఏడు భాగాల సిరీస్‌లో ఇది మొదటిది. పోయిన నెల ఒకే రాత్రి 14 మంది లిటరరీ ఏజెంట్లకు మెయిల్ పెట్టాను. ఎనిమిది మంది వద్దన్నారు. ఐదుగురి నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒక్కరు మాత్రం తెగ మెచ్చుకుని, మొత్తం చదవడానికి ఫీజు కట్టమన్నారు, ఆ తర్వాత తాము చెప్పిన చోటే ఎడిటింగ్ చేయించుకోవాలట. వద్దన్నవాళ్ళలో ఒకావిడ ‘అర్బన్ ఫాంటసీ ఇప్పుడు అమ్మడం కష్టం’ అని రాశారు. ఆ ఫీజు కట్టెయ్యనా? జానర్ (కథ రకం) పేరు మార్చి మళ్ళీ పంపనా? అసలు ఏజెంట్ లేకుండా నేరుగా పబ్లిషర్ దగ్గరికి వెళ్ళకూడదా? కలం పేరుతో పంపొచ్చా? నా క్వెరీ లెటర్ (ఏజెంట్లకి నవలను పరిచయం చేస్తూ రాసిన ఉత్తరం) జత చేస్తున్నాను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (పేరు రాయవద్దన్న పాఠకురాలు)

జవాబు: కట్టకండి. మిగతా ప్రశ్నలకు జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది కానీ దీనికి ఈ ఒక్క మాట చాలు.

ఏజెంట్‌కి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే ఎందుకు వద్దంటున్నానో మీకే తెలుస్తుంది. ఏజెంట్ మీ నవలను పబ్లిషర్‌కి అమ్మిపెడతారు. అమ్ముడైతే మీకొచ్చేదాంట్లో మామూలుగా 15 శాతం కమీషన్ తీసుకుంటారు. విదేశీ హక్కులు, అనువాద హక్కులు అమ్మినప్పుడు అవతలి దేశంలో ఉండే సబ్ ఏజెంట్‌కి కూడా వాటా పోవాలి కాబట్టి అది 20 శాతం దాకా ఉంటుంది. ఉదాహరణకు పబ్లిషర్ ముందుగా ఇచ్చే డబ్బు, అంటే అడ్వాన్స్, 10,000 డాలర్లు అనుకుందాం. ఏజెంట్‌కి 1,500, మీకు 8,500. అదీ ఒక్కసారిగా చేతికి రాదు. కాంట్రాక్టు మీద సంతకం పెట్టినప్పుడు కొంత, తుది రాతప్రతి ఇచ్చాక కొంత, పుస్తకం బయటికొచ్చాక కొంత. నవల అమ్ముడుపోకపోతే ఏజెంట్‌కి చిల్లిగవ్వ రాదు. అందుకే అసలైన ఏజెంట్ తను అమ్మగలను అనుకున్నదాన్నే పట్టుకుంటారు. చదివినందుకే ముందు డబ్బు వస్తుంటే ఇక కష్టపడి అమ్మడం దేనికి? అసోసియేషన్ ఆఫ్ అమెరికన్ లిటరరీ ఏజెంట్స్ అనే సంఘం తన సభ్యులు ఇలా చదివే ఫీజు తీసుకోకూడదని నియమమే పెట్టుకుంది.

‘మేం చెప్పిన ఎడిటర్ దగ్గరే చేయించండి’ అన్నది కూడా పాత ఎత్తే. ఆ ఎడిటర్, ఈ ఏజెంట్ ఒకే ఇంటివాళ్ళయి ఉండొచ్చు. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం అండతో ‘రైటర్ బివేర్’ అని ఒకటి 1998 నుంచి నడుస్తోంది. ఇలాంటి మోసాల మీద ఫిర్యాదులు తీసుకుని బయటపెట్టడమే వాళ్ళ పని. మీకు మెయిల్ పంపినవాళ్ళ పేరు అక్కడ వెతకండి. ఇంకో సంగతి, ఈ మధ్య నిజంగా ఉన్న ఏజెంట్ల పేర్లు పెట్టుకుని దొంగ మెయిల్ ఐడీలతో రాసేవాళ్ళు ఎక్కువయ్యారు. కాబట్టి పేరు పెద్దదని నమ్మేయకండి. మెయిల్ ఆ ఏజెన్సీ సొంత అడ్రస్ నుంచే వచ్చిందా అని చూడండి.

నా మొదటి నవలప్పుడు నాకూ ఇలాంటి మెయిలే వచ్చింది. రెండు రోజులు నేల మీద నడవలేదు. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మూడో రోజు ఇంకోసారి చదువుకుంటే అందులో నా కథలోని ఒక్క పాత్ర పేరు కూడా లేదని కనిపించింది. ‘మీ శైలి అద్భుతం, మీ గొంతు ప్రత్యేకం’ అని వంటల పుస్తకం రాసినవాళ్ళకి కూడా పంపగలిగే మాటలు. మీ మెయిల్ కూడా ఆ కంటితో చూడండి. మీ నవలకి తప్ప ఇంకో నవలకి పనికిరాని వాక్యం అందులో ఒక్కటైనా ఉందా?

ఇక ‘అమ్మడం కష్టం’ అన్న మాట. ఆవిడ అబద్ధం చెప్పలేదు. 2000 తర్వాత ఒక పదేళ్ళు ఈ జానర్‌కి బ్రహ్మాండంగా గిరాకీ ఉండేది. తోలు జాకెట్ వేసుకుని, ఎదుటివాడు ఏమన్నా ఎకసెక్కెంగా జవాబు చెప్పే నాయిక, ఆవిడ చుట్టూ ఒక రక్తపిశాచి, ఒక తోడేలు మనిషి. పబ్లిషర్లు ఇవే కొని కొని అలమారాలు నింపేశారు. పాఠకులకు మొహం మొత్తింది. ఇప్పుడు ప్రేమకథ ప్రధానంగా సాగే రొమాంటసీ హవా నడుస్తోంది. అయితే మొహం మొత్తింది ఆ మూసకి. నగరంలో మాయ ఉండే కథలు రావడం ఆగిపోలేదు, ఏజెంట్లు తీసుకోవడమూ ఆగలేదు. మీ కథలో ఆ మూస లేదు. కానీ మీ ఉత్తరం చూస్తే ఆ సంగతి తెలియదు. దాని దగ్గరికి వస్తాను.

జానర్ పేరు మార్చాలంటే కథ ఒప్పుకోవాలి. ప్రేమకథ తీసేస్తే మీ నవల కూలిపోతుందా? కూలిపోతే అది పారానార్మల్ రొమాన్స్ (మానవాతీత శక్తులుండే ప్రేమకథ) లేదా రొమాంటసీ. నిలబడితే కాదు. మీ నవల నిలబడుతుంది కాబట్టి రొమాంటసీ అని పంపితే పది పేజీల్లోనే దొరికిపోతారు. ‘కాంటెంపరరీ ఫాంటసీ’ అనడంలో మాత్రం తప్పు లేదు. ఈ కాలపు నగరంలో జరిగే కథే కదా, అబద్ధం కాదు. నేనైతే ఏ ఏజెంట్ తన వెబ్ పేజీలో అర్బన్ ఫాంటసీ కావాలని రాసుకున్నారో వాళ్ళకి అదే పేరుతో, మిగతావాళ్ళకి రెండో పేరుతో పంపుతాను.

పేరు కన్నా మీకు అడ్డం పడేది ఆ 1,62,000. ఈ జానర్‌లో మొదటి నవలకి 80,000 నుంచి 1,00,000 పదాలు మామూలు లెక్క. ఓ పదివేలు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. రాజ్యాలూ యుద్ధాలూ ఉండే ఎపిక్ ఫాంటసీకి 1,20,000 దాకా ఓర్చుకుంటారు. మీ అంకె చూడగానే ఏజెంట్‌కి రెండు తోస్తాయి. ఇంత లావు పుస్తకం అచ్చు ఖర్చు ఎక్కువ, కొత్త రచయితకి అంత ధర పెట్టి ఎవరు కొంటారు? రెండోది, ఈవిడ తన రాతను తాను దిద్దుకోలేదు. మొదటిదాన్నైనా క్షమిస్తారేమో, రెండోదాన్ని క్షమించరు. వాక్యాలు చెక్కుతూ కూర్చుంటే 60,000 పదాలు తగ్గవు, పదివేలు తగ్గితే గొప్ప. ఒక కథనే పీకెయ్యాలి. మీ ఉత్తరంలో వంశాల మధ్య యుద్ధం అని ఒకటుంది చూశారా, అది నాకు రెండో పుస్తకంలాగే కనిపిస్తోంది.

‘ఏడు భాగాల సిరీస్’ అని రాయడం మానేయండి. మొదటిది అమ్ముడుపోకపోతే మిగిలిన ఆరింటినీ ఎవరూ ముట్టుకోరు, ఆ భయంతోనే ఏజెంట్ వెనక్కి తగ్గుతారు. ఈ నవల ఇక్కడితో ముగిసేలా చూడండి. ముగిశాక ‘ఒంటిగా నిలబడే నవల, సిరీస్‌గా పెంచే వీలుంది’ అన్న అర్థం వచ్చే ఒక్క వాక్యం చాలు. ఎదురుచూసే రోజుల్లో రెండో భాగం మొదలుపెట్టకండి. ఇది అమ్ముడుపోకపోతే అదీ దీనితోపాటే మూలపడుతుంది. వేరే కథ ఏదైనా రాయండి.

ఇప్పుడు మీ క్వెరీ లెటర్. మీ దగ్గర మంచి నవల ఉండి ఉండొచ్చు. పద్నాలుగు మంది చదివింది నవల కాదు, ఈ ఉత్తరం. ఇది ఇలా మొదలవుతుంది: ‘వేల ఏళ్ళ కిందట ఏడు నీడకాపరి వంశాలు మూడో సంధ్యలో ఒక ఒప్పందం చేసుకున్నాయి...’ ఆ మొదటి పేరాలోనే పదకొండు పేర్లు లెక్కపెట్టాను. వంశాల పేర్లు, నదుల పేర్లు, మూడు కత్తుల పేర్లు. నాయిక పేరు మూడో పేరాలో వచ్చింది. ఆమె ఏం పని చేస్తుందో చివరి పేరాలో, అదీ బ్రాకెట్లలో! రోజుకి పదుల కొద్దీ ఉత్తరాలు చదివే మనిషి అక్కడిదాకా రారు.

నాకు ఈ నవల మొత్తం ఆ బ్రాకెట్ల లోపలే కనిపించింది. స్టేషన్‌లో పోయిన సామాన్ల కౌంటర్ దగ్గర రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి. గొడుగులతో, లంచ్ బాక్సులతో పాటు మనుషులు పారేసుకున్న నీడలు కూడా ఆమె దగ్గరికి చేరతాయి. ఇది ఇంకెవరికీ తట్టలేదు, మీకు తట్టింది. దీన్ని దాచిపెట్టి వంశవృక్షం చెప్పారు! మీ ఉత్తరాన్ని నేనైతే ఇలా మొదలుపెడతాను. ఇంగ్లీషులోకి మీరే మీ గొంతుతో రాసుకోండి.

‘స్టేషన్‌లో పోయిన సామాన్ల కౌంటర్‌కి రెండు రిజిస్టర్లు. ఒకటి గొడుగులకు, ఇంకోటి నీడలకు. మూడు రాత్రుల్లోగా ఎవరూ అడగడానికి రాకపోతే నీడ కరిగిపోతుంది. నీడ కరిగిన మనిషి అందరి జ్ఞాపకాల్లోంచి చెరిగిపోతాడు. రాత్రి డ్యూటీ అమ్మాయి తొమ్మిదేళ్ళుగా ఈ లెక్కలు తప్పు లేకుండా రాస్తోంది. ఒక తెల్లవారుజామున కౌంటర్ మీదికి వచ్చిన నీడ అచ్చం ఆమె తమ్ముడిలా చెయ్యి ఊపింది. ఇంటికి ఫోన్ చేస్తే, మనకి తమ్ముడెక్కడ ఉన్నాడే అంది వాళ్ళమ్మ.’

ఇందులో ఒక్క వంశం లేదు, ఒక్క ఒప్పందం లేదు. అయినా ఈ లోకంలో ఏ నియమం నడుస్తుందో తెలిసింది, గడువు తెలిసింది, ఎవరికి ఏం కావాలో తెలిసింది. రెండో పేరాలో ఆమెకి అడ్డం వచ్చేదాన్ని చెప్పండి. తమ్ముడి నీడని దక్కించుకోవాలంటే ఇంకొకరి నీడని బదులుగా ఇవ్వాలని మీరే రాశారు కదా. అక్కడ ఆపెయ్యండి. ఆమె ఏం ఎంచుకుందో ఉత్తరంలో చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది సినాప్సిస్‌లో, అంటే కథాసారంలో. అందులో మాత్రం ముగింపుతో సహా దాచకుండా చెప్పాలి, ఒకటి రెండు పేజీల్లో. అక్కడ ఊరించాలని చూస్తే విసుక్కుంటారు.

మూడో పేరా కొలతలది. జానర్, పదాల సంఖ్య, పోలిక పుస్తకాలు రెండు. వీటినే వాళ్ళు కాంప్స్ అంటారు. గత మూడు నుంచి ఐదేళ్ళలో వచ్చినవై ఉండాలి, ప్రపంచమంతా ఊగిపోయినవి కాకూడదు. మీరు పోలికగా పెట్టిన రెండు పుస్తకాలూ సినిమాలుగా వచ్చి కోట్లు వసూలు చేసినవి, వాటితో పోల్చుకుంటే బాగా అమ్ముతుందని కాకుండా, ఈమధ్య ఏమీ చదవలేదని అర్థమవుతుంది. ‘ఫలానా నవలలోని రాత్రి వాతావరణం నచ్చినవాళ్ళకి’ అని, ఏ గుణంలో పోలికో కూడా చెప్పండి. తర్వాత మీ గురించి ఒకటి రెండు వాక్యాలు. అవార్డులు లేకపోతే లేవు, దానికి క్షమాపణ అడగకండి. మొత్తం ఉత్తరం 250 నుంచి 350 పదాలు దాటనివ్వకండి.

ప్రోలాగ్ (అసలు కథకి ముందు వచ్చే భాగం) సంగతి కూడా ఇక్కడే అనేస్తాను. అమెరికాలో చాలామంది ఏజెంట్లు క్వెరీతో పాటు మొదటి ఐదు లేదా పది పేజీలు అడుగుతారు. బ్రిటన్‌లో కవరింగ్ లెటర్, సినాప్సిస్, మొదటి మూడు అధ్యాయాలు అడగడం వాడుక. ఎటు పంపినా మీ మొదటి పేజీల్లో ఉన్నది ఆ ఒప్పందం ప్రోలాగే. దాన్ని తీసేసి కౌంటర్ దగ్గర మొదలుపెట్టండి. నాయిక అలారం మోగి నిద్ర లేవడం, అద్దంలో మొహం చూసుకోవడం కూడా వద్దు. అలాంటి మొదటి పేజీలు చూసీ చూసీ ఏజెంట్లకి విసుగొచ్చేసింది.

ఎవరికి పంపాలో వెతకడానికి నాకు తెలిసిన మంచి దారి పుస్తకాల వెనక ఉండే కృతజ్ఞతల పేజీ. మీ కథకి దగ్గరగా ఉన్న కొత్త నవలలు ఇరవై తీసుకుని చూడండి, చాలామంది రచయితలు అక్కడ తమ ఏజెంట్ పేరు చెప్తారు. తర్వాత క్వెరీట్రాకర్ అనే వెబ్‌సైట్‌లో ఆ పేర్లు వెతికితే ఎన్నాళ్ళకి జవాబిస్తున్నారు, ఇప్పుడు తీసుకుంటున్నారా లేదా అన్నది తెలుస్తుంది. పబ్లిషర్స్ మార్కెట్‌ప్లేస్ అనే ఇంకో సైట్‌కి చందా కట్టాలి కానీ ఎవరు ఎవరికి ఏం అమ్మారో అందులో ఉంటుంది. (అక్కడి భాష సరదాగా ఉంటుంది. ‘నైస్ డీల్’ అంటే ఎంతో అనుకునేరు, 49,000 డాలర్ల లోపు ఏదైనా నైసే.) ఎవరికి ఏ కథలు కావాలో మాన్యుస్క్రిప్ట్ విష్ లిస్ట్ అనే సైట్‌లో కూడా రాసుకుంటారు. ఒకే ఏజెన్సీలో ఇద్దరికి ఒకేసారి పంపకండి. చాలాచోట్ల ఒకరు కాదంటే అందరూ కాదన్నట్టే లెక్క.

పద్నాలుగు ఒకే రాత్రి పంపడమే మీరు చేసిన అసలు పొరపాటు. ఆరేడు పంపి ఆగి ఉంటే, అన్నీ తిరిగొచ్చినప్పుడు ఉత్తరంలో ఏదో తేడా ఉందని తెలిసి దిద్దుకునేవారు. ఆ పద్నాలుగు మందినీ ఈ నవలకి వదిలేయండి. బాగా మార్చి రాస్తే కొన్ని నెలల తర్వాత ఒకరిద్దరికి మళ్ళీ పంపొచ్చు, మార్చానని చెప్పి మరీ. కొత్త ఉత్తరం మాత్రం ఆరేసి చొప్పున వదలండి. ఎవరూ పేజీలు అడగకపోతే ఉత్తరంలో లోపం. పేజీలు అడిగి తర్వాత వద్దంటే లోపం నవల మొదట్లో ఉంది. మొత్తం నవల అడిగి నెలల తర్వాత వద్దంటే అప్పుడు కథ నడక చూసుకోవాలి. జవాబు రాకపోవడాన్ని కూడా ఇప్పుడు చాలా ఏజెన్సీలు కాదు అనే లెక్కిస్తున్నాయి, వాళ్ళ పేజీలో ఎన్ని వారాలో రాసి ఉంటుంది. ఆ ఐదుగురి గురించి నిద్ర పాడుచేసుకోకండి.

మీరు అడగలేదు కానీ చెప్పాలి. చాలా ఏజెన్సీల ఫారాల్లో ఇప్పుడు ఏఐ వాడారా అన్న ప్రశ్న ఉంటోంది. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఎవరైనా ‘మీ నవల తీసుకుంటాను, మాట్లాడుకుందాం’ అంటే, ఆ ఫోన్‌లోనే ఊఁ అనేయకండి. ఆనందంలో నోరు జారుతుంది, నాకు తెలుసు. రెండు వారాలు గడువు అడగడం మామూలే, ఎవరూ తప్పు పట్టరు. ఆ రెండు వారాల్లో నవల చదువుతున్న మిగతా ఏజెంట్లకి ఆఫర్ వచ్చిందని తెలియజేయాలి. అప్పటిదాకా కదలనివాళ్ళు కూడా అప్పుడు కదులుతారు. ఫోన్‌లో మీరూ ప్రశ్నలు అడగండి. ఏం మార్పులు కావాలంటున్నారు? ఏ ఎడిటర్లకి చూపిద్దామనుకుంటున్నారు? ఇది అమ్ముడుపోకపోతే నా తర్వాతి నవల చూస్తారా, లేక ఈ ఒక్కదానికేనా? తన దగ్గరున్న రచయితలు ఒకరిద్దరితో మాట్లాడించమని అడిగితే మంచి ఏజెంట్ సంకోచించరు.

ఒప్పందంలో విడిపోయే షరతు ముందు చదవండి. ఎన్ని రోజుల నోటీసుతో బయటికి రావచ్చో స్పష్టంగా ఉండాలి, 30 రోజులు తరచుగా కనిపించే గడువు. విడిపోయినా, వాళ్ళు అమ్మిపెట్టిన పుస్తకం మీద కమీషన్ వాళ్ళకి వెళ్తూనే ఉంటుంది, అది న్యాయమే. అమ్మని పుస్తకాల మీద కూడా హక్కు రాసుకుంటే ఒప్పుకోకండి. బ్రిటన్‌లో సొసైటీ ఆఫ్ ఆథర్స్, అమెరికాలో ఆథర్స్ గిల్డ్ అనే రచయితల సంఘాలు తమ సభ్యుల కాంట్రాక్టులు చదివి పెడతాయి.

ఏజెంట్ లేకుండా వెళ్ళొచ్చా అంటే, వెళ్ళొచ్చు. ఫాంటసీలో ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు. బేన్ బుక్స్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ చాలాకాలంగా రచయితల దగ్గర నుంచి నేరుగా తీసుకుంటోంది, కొన్ని చిన్న ప్రచురణ సంస్థలు ఏడాదిలో కొన్నాళ్ళు తలుపు తీస్తాయి. అయితే రెండు పనులూ ఒకేసారి చేయకండి. పది మంది ఎడిటర్లు మీ నవల వద్దన్న తర్వాత ఏజెంట్ దొరికారనుకోండి. ఆ పది చోట్లకీ దాన్ని మళ్ళీ తీసుకెళ్ళడం వాళ్ళ వల్ల కాదు, ఆ మాట వినగానే వెనక్కి తగ్గుతారు. సొంతంగా అచ్చు వేసుకున్నా అంతే, అది విపరీతంగా అమ్ముడుపోతే తప్ప ఆ పుస్తకం మీద ఏజెంట్లకి ఆసక్తి ఉండదు. ముందు ఏజెంట్లని పూర్తిగా ప్రయత్నించి, ఆ జాబితా అయిపోయాక మిగతా దారులు చూడండి.

కలం పేరుతో పంపొచ్చు. ఉత్తరం చివర అసలు పేరు పెట్టి, దాని కింద ఏ పేరుతో రాస్తున్నారో రాయండి. పుస్తకం అట్ట మీద కలం పేరే ఉంటుంది. కాంట్రాక్టు, చెక్కు మాత్రం అసలు పేరు మీదే వస్తాయి.